సీసాలో ఒక వాసన, చేతి మీద ఇంకో వాసన

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ అత్తర్లు అమ్మే కొట్టు ముందు కాసేపు నిలబడితే ఒకే తంతు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. రంజాన్ నెలలో మసీదుల దగ్గర వేసే బల్లల ముందైతే ఇంకా ఎక్కువ. కొట్టాయన సీసా మూత తిప్పి, మూతకు అతికి ఉన్న గాజుపుల్లను పైకి లాగి, సీసా అంచుకు ఒకసారి రాసి, వచ్చినాయన మణికట్టు మీద ఒక గీత గీస్తాడు. ఆయన వెంటనే చెయ్యి ముక్కుకు ఆనించుకుంటాడు.

"ఎంతసేపుంటాదన్నా ఇది?"

"రేపు నీళ్లు పోసుకునేదాకా ఉంటాది."

ఇంకో సీసా, ఇంకో గీత. పది నిమిషాల్లో రెండు చేతులూ నిండిపోతాయి. గులాబీ మీద మల్లె, మల్లె పక్కన గంధం, దాని కింద ఏదో అరబ్బు పేరున్న ఊద్ (అగరు చెక్క వాసన). చివరికి ఆ గందరగోళంలో ఏది గట్టిగా గుప్పుమంటే అది కొనేస్తారు. ఇంటికొచ్చి మర్నాడు పూసుకుంటే సాయంత్రానికి అనుమానం మొదలవుతుంది. నిన్న కొన్నది ఇదేనా? కొట్టాయన వేరే సీసా కట్టాడా?

చాలాసార్లు మోసమేమీ ఉండదు. కొనేటప్పుడు చూసింది మొదటి పది నిమిషాల వాసన, ఒంటి మీద మోసేది తర్వాతి పది గంటల వాసన. ఈ రెండింటికీ మధ్య ఏం జరుగుతుందో తెలిస్తే డబ్బు మిగులుతుంది, నచ్చిన పరిమళం దొరుకుతుంది. ముఖ్యంగా ఎండ, ఉక్కపోత, చెమట అన్నీ పుష్కలంగా ఉన్న మన ప్రాంతంలో ఈ తేడా బాగా పెద్దది.

ముందు అత్తరంటే ఏమిటో చూడాలి. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో తరతరాలుగా చేస్తున్న పద్ధతిలో డేగ్ అనే పెద్ద రాగి బానలో పూలూ నీళ్లూ వేసి, మూత చుట్టూ బంకమట్టి మెత్తి, కింద కట్టెల మంట పెడతారు. బాన నుంచి ఒక వెదురు గొట్టం నీళ్ల తొట్టిలో ఉంచిన ఇంకో రాగి పాత్రలోకి వెళుతుంది. దాని పేరు భప్కా. అందులో ముందే గంధం నూనె పోసి ఉంచుతారు. పూల ఆవిరి అక్కడికొచ్చి చల్లారుతుంది, వాసన గంధం నూనెలోకి దిగుతుంది, నీరు విడిపోతుంది. మర్నాడు కొత్త పూలు, అదే నూనె. ఇలా రోజుల తరబడి చేస్తే గంధం నూనె ఆ పూల వాసనను ఒళ్లంతా పట్టించుకుంటుంది. అంటే అసలైన గులాబీ అత్తరులో సగం కథ గులాబీది, మిగతా సగం గంధానిది. గులాబీ ముందు వెళ్లిపోతుంది, గంధం కూర్చుండిపోతుంది.

బజారులో తక్కువ ధరకు దొరికేవి ఈ కోవలోవి కావు. గంధం నూనె స్థానంలో వాసన లేని ఖనిజ నూనో, ప్లాస్టిక్ పరిశ్రమలో వాడే థాలేట్ ద్రవమో ఉంటుంది. దానిలో ప్రయోగశాలలో తయారైన సుగంధ రసాయనాలు కలుపుతారు. ఇది పాపమేమీ కాదు. రసాయనాలతో చేసిన పరిమళాల్లోనూ అద్భుతమైనవి ఉన్నాయి. కానీ 'ప్యూర్ చందన్' అని చీటీ అతికించి అమ్మితే మాత్రం లెక్క చూసుకోవాలి. శ్రీగంధం నూనె కిలో ధర ఎప్పుడో లక్ష రూపాయలు దాటింది. సరిగ్గా లక్షే అనుకున్నా గ్రాము వంద రూపాయలు. అత్తరు కొట్లలో తులం సీసా అంటే సుమారు 12 మిల్లీలీటర్లు, పదకొండున్నర గ్రాములకు పైమాటే. నూనె ఖర్చే వెయ్యీ నూటయాభై దాటుతుంది. అలాంటిది రెండొందలకు తులం దొరికితే అందులో ఉన్నది గంధం చెక్క నుంచి వచ్చిన నూనె కాదని వాసన చూడకుండానే చెప్పొచ్చు.

గంధం మాట వచ్చింది కాబట్టి మన జిల్లాలకే ప్రత్యేకమైన ఒక పొరపాటు గురించి చెప్పుకోవాలి. శేషాచలం కొండల్లో పెరిగే ఎర్రచందనానికీ శ్రీగంధానికీ పేరులో తప్ప చుట్టరికం లేదు. ఎర్రచందనం వేరే కుటుంబపు చెట్టు. దాని విలువంతా రంగులో, చేవలో ఉంది. కర్ర తెచ్చి ముక్కు దగ్గర పెట్టుకుంటే చెప్పుకోదగ్గ పరిమళమేదీ రాదు. శ్రీగంధం వేరు. దాని చేవలోని నూనెలో సాంటలాల్ అనే పదార్థం ఉంటుంది, మంచి నూనెలో దాని పాలు దాదాపు తొంభై శాతం. మైసూరు ప్రభుత్వం 1916లో గంధం నూనె ఫ్యాక్టరీ పెట్టింది ఆ నూనె కోసమే. కాబట్టి యాత్రికులకు ఎవరైనా 'ఒరిజినల్ రెడ్ శాండల్ అత్తరు, మన కొండదే' అని చూపిస్తే, ఆ వాసన ఎక్కడి నుంచి వచ్చినా ఎర్రచందనం నుంచి మాత్రం రాలేదు.

ఇక చర్మం మీద జరిగే సంగతి. ఏ పరిమళమూ ఒకే పదార్థం కాదు. పదుల కొద్దీ, ఒక్కోసారి వందల కొద్దీ పదార్థాలు కలిసిన గుంపు. అందులో తేలికవి ముందు ఆవిరవుతాయి, బరువైనవి నిదానంగా. నారింజ తొక్క గిల్లినప్పుడు చివ్వున వచ్చే వాసనలోని లిమొనీన్ అణుభారం 136. ధనియాలు నలిపితే వచ్చే లినలూల్‌ది 154. గంధంలోని సాంటలాల్‌ది 220. అంకెల్లో తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. చేతి మీద మాత్రం నారింజ వాసన పావుగంటలో మాయమైతే గంధం రాత్రి దాకా ఉంటుంది. సీసా మూత తీయగానే ముక్కును పలకరించేది ఈ తేలిక సరుకే. అమ్మకానికి అది పనికొస్తుంది కాబట్టి తయారీదారులు కూడా ఆ మొదటి గుప్పును ముస్తాబు చేసి పెడతారు.

స్ప్రే సెంటుకూ అత్తరుకూ తేడా కూడా ఇక్కడే ఉంది. సెంటులో ఎక్కువ భాగం ఆల్కహాలు. అది 78 డిగ్రీల దగ్గరే మరిగే ద్రవం, ఒంటి వేడికే నిమిషంలో ఎగిరిపోతూ పరిమళాన్ని గదంతా చల్లేస్తుంది. అత్తరులో ఆ తోసే శక్తి లేదు. నూనె చర్మానికి అంటుకుని, తనలోని వాసనను కొంచెం కొంచెంగా వదులుతుంది. పక్కన కూర్చున్న వాళ్లకు తెలుస్తుంది, గది అవతలి వాళ్లకు తెలియదు. ఆల్కహాలు లేకపోవడం వల్లే నమాజుకు వెళ్లేవాళ్లు, పూజలో కూర్చునేవాళ్లు కూడా దీన్ని ఇష్టపడతారు. సెంటుతో పోల్చి 'వాసన రావడం లేదే' అని అత్తరును నాలుగు గీతలు ఎక్కువ పూసుకోవడం చాలామంది చేసే తప్పు. పూసుకున్న మనిషికి తెలియకుండానే బస్సులో పక్కవాళ్లకు తలనొప్పి తెప్పించేది అదే.

వేడి మాట తీసుకుందాం. చేతి చర్మం మామూలుగా 32 నుంచి 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. చల్లటి దేశాల్లో గది 20 డిగ్రీలుంటే కాగితం మీద వాసనకూ చేతి మీద వాసనకూ బోలెడు తేడా వస్తుంది. మే నెలలో తిరుపతి ఇళ్లలో ఫ్యాను కింది గాలే 35 డిగ్రీలుంటుంది. అప్పుడు కాగితం కూడా చర్మం లాగే వేడెక్కి ఉంటుంది, పై వాసనలు రెండింటి మీదా గబగబా ఎగిరిపోతాయి. నిమ్మ, పుదీనా, పచ్చిగడ్డి లాంటి తాజా వాసనల మీద కట్టిన అత్తరు మిట్టమధ్యాహ్నం కొట్టులో ఎంత బాగున్నా, వీధి మలుపు తిరిగేలోపు వెన్ను విరిగిపోతుంది. అదే వేడి బరువైన వాసనలకు రెక్కలిస్తుంది. చెక్క, మసాలా, బంకల వాసన ఉండే ఊద్, హీనా, అంబర్ లాంటివి జనవరిలో చక్కగా ఒదిగి ఉంటాయి. ఏప్రిల్‌లో ముఖం మీద కొట్టినట్టు వస్తాయి. ఉత్తరాదిలో వట్టివేరు, గులాబీ, మట్టి అత్తర్లను ఎండాకాలానికీ, హీనా, శమామాలను (శమామా అంటే మూలికలూ మసాలా దినుసులూ కలిపి చేసేది) చలికాలానికీ విడగొట్టుకోవడం ఊరికే వచ్చిన ఆచారం కాదు.

దీన్ని పరీక్షించి చూడటానికి అలిపిరి మెట్ల దారిని మించిన చోటు లేదు. తెల్లవారుజామున కింద మోచేతి మడతలో ఒక చుక్క వట్టివేరు, రెండో చేతికి ఒక చుక్క గులాబీ పెట్టుకుని బయల్దేరిన మనిషికి 3,550 మెట్లు ఎక్కేలోపు రెండు అత్తర్లూ తమ గుణం మొత్తం చూపించేస్తాయి. మొదటి వెయ్యి మెట్లలోనే ఒళ్లు వేడెక్కి గులాబీ బాగా విచ్చుకుంటుంది. గాలిగోపురం చేరేసరికి చెమట పట్టి, గులాబీలోని తీపి పలచబడుతుంది. మోకాళ్ల పర్వతం దగ్గర చూసుకుంటే గులాబీ ఉన్నట్టూ లేనట్టూ ఉంటుంది, వట్టివేరు మాత్రం తడిసిన వేరు వాసనతో అక్కడే ఉంటుంది. పైన సుమారు 850 మీటర్ల ఎత్తున, కింద కంటే నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉండే గాలిలో చెమట ఆరాక మళ్లీ చూసుకుంటే రెండూ ఒంటికి దగ్గరగా ముడుచుకుని ఉంటాయి. (కొండ మీద పూలన్నీ స్వామివే, భక్తులు తల్లో పెట్టుకోరు. రోజూ మల్లెలు లేకుండా బయటికి రాని ఆడవాళ్లకు ఆ ఒక్క రోజు తమ చుట్టూ ఏదో తక్కువైనట్టు అనిపించడం చూస్తే, వాసన ఎంతగా అలవాటవుతుందో తెలుస్తుంది.)

చెమట దగ్గర ఇంకో మాట. అప్పుడే పట్టిన చెమటకు దాదాపు వాసనే ఉండదు. చంకల్లోని బ్యాక్టీరియా దాన్ని విరిచాక వచ్చే ఆమ్లాలూ, గంధకపు పదార్థాలూ కంపు కొడతాయి. వాటి మీద అత్తరు పూస్తే రెండూ కలిసి మూడో కంపు పుడుతుంది. మోచేతి మడత, మెడ వెనక, మణికట్టు లోపలి వైపు అత్తరుకు మంచి చోట్లు. చంకలకు సబ్బూ నీళ్లే మందు.

'ఆ అత్తరు మా తమ్ముడికి బాగుంటుంది, నా ఒంటికి పట్టదు' అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఇందులో నిజమెంత? కొంత ఉంది. జిడ్డు చర్మం మీద నూనె నూనెలో కలిసి నిలుస్తుంది, పొడి చర్మం మీద త్వరగా ఎగిరిపోతుంది. అందుకే పొడి చర్మం ఉన్నవాళ్లు ముందు కొంచెం వాసన లేని వాసెలిన్ రాసి, దాని మీద అత్తరు పెట్టుకుంటే ఎక్కువసేపు ఉంటుంది. ఒంటి వేడి, తేమ మనిషికీ మనిషికీ మారతాయి. వెల్లుల్లి దండిగా తిన్న మర్నాడు దాని గంధకపు వాసన ఊపిరిలోనూ చెమటలోనూ బయటపడుతుంది, అత్తరు దాన్ని దాటుకుని రావాలి. ఒంటి సబ్బు, తలనూనె, బట్టల పౌడరు, జడలో పూలు అన్నీ ఎవరివి వాళ్లవే. చర్మం ఆమ్లగుణం వల్లే వాసన మారిపోతుందని మాత్రం కొందరు గట్టిగా చెబుతుంటారు. మనుషుల చర్మమంతా కొంచెం ఆమ్లంగానే ఉంటుంది, 5కు అటూ ఇటూగా. ఆ చిన్న తేడా కొన్ని గంటల్లో గులాబీని ఇంకేదో చేసేస్తుందని నమ్మడం కష్టం. జిడ్డు, వేడి, తేమ, ఇదివరకే ఒంటి మీదున్న వాసనలు, ఈ నాలుగూ చాలావరకు సంగతి తేల్చేస్తాయి.

మిగతా సగం తేడా చర్మంలో లేదు, ముక్కులో ఉంది. ఈ విషయం ఎవరూ కొట్టులో చెప్పరు. మనిషి ముక్కులో వాసనను పట్టే గ్రాహకాలకు సంబంధించిన జన్యువులు సుమారు 400. ఆ జన్యు కుటుంబాన్ని 1991లో బయటపెట్టిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ జన్యువుల్లో మనిషికీ మనిషికీ చిన్న చిన్న తేడాలుంటాయి. ఆండ్రోస్టెనోన్ అనే ఒక్క పదార్థం కొందరికి మూత్రం కంపులా, కొందరికి తీయగా వెనిల్లాలా తోస్తుంది, ఇంకొందరికి అసలు వాసనే రాదు. ఈ తేడాలో చెప్పుకోదగ్గ భాగం ఒకే ఒక జన్యువు మీద ఆధారపడి ఉందని 2007లో తేలింది. పెద్ద అణువులున్న కస్తూరి రకాల విషయంలోనూ ఇదే తంతు. ఇద్దరు స్నేహితులు ఒకే కస్తూరి సీసా చూస్తే ఒకరు 'అబ్బా' అంటారు, ఇంకొకరు 'ఏమీ రావట్లేదే, ఖాళీ నూనె' అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అందుకే పక్కవాళ్ల మాట విని అత్తరు కొనడం కళ్లజోడు అరువు తెచ్చుకోవడం లాంటిది. (అన్నట్టు, బజారులో 'కస్తూరి' పేరుతో దొరికేదంతా రసాయనమే. కస్తూరి జింకను చంపి తీసే అసలు సరుకు అమ్మడం నేరం.)

ముక్కుకు ఇంకో గుణం కూడా ఉంది. ఒకే వాసన కాసేపు వస్తే అది పట్టించుకోవడం మానేస్తుంది. తిరుపతిలో దీన్ని రోజూ చూడొచ్చు. బయటి నుంచి రైలు దిగిన మనిషి గోవిందరాజస్వామి గుడి వీధిలోకి రాగానే కర్పూరం, అగరొత్తులు, తులసి, చామంతి అన్నీ కలిసి ఒకేసారి తాకుతాయి. అక్కడే కొట్టు నడిపే మనిషికి ఆ వాసన ఎన్నో ఏళ్ల కిందటే ఆగిపోయింది. గుళ్లో వాడిన పూలతో టీటీడీ 2021 నుంచి అగరొత్తులు కూడా చేయిస్తోంది. ఊళ్లో ఇళ్లన్నీ సాంబ్రాణి పొగకూ, తీర్థంలోని పచ్చకర్పూరానికీ అలవాటుపడ్డవే. అంటే ఇక్కడి ముక్కులకు కర్పూరం, గంధం, సాంబ్రాణి వాసనల మీద ముందే ఒక మొద్దుబారిన పొర ఉంది. అదే వాసనల మీద కట్టిన అత్తరు ఇక్కడి మనిషికి 'తేలిగ్గా' అనిపించి, ఎక్కువ పూసుకుని, బెంగళూరు ఆఫీసులో కూర్చుంటే పక్కవాళ్లు కిటికీ తెరుస్తారు.

కొట్టులో మూడో వాసన తర్వాత ముక్కు అలసిపోయినప్పుడు కాఫీ గింజల డబ్బా ముందుకు జరిపే అలవాటు పెద్ద షాపుల్లో ఉంది. ఫిల్టర్ కాఫీ ఊళ్లో ఈ మాట వినడానికి బాగానే ఉంటుంది. కాఫీ గింజలు మామూలు గాలి కంటే ఏమీ ఎక్కువ చేయలేదని 2011లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం చూపించింది. బయటికొచ్చి రెండు నిమిషాలు నిలబడితే చాలు. లేకపోతే ఏమీ పూయని మోచేతి మడతలో సొంత చర్మం వాసన చూసుకోవాలి. ముక్కుకు అన్నిటికంటే బాగా అలవాటైన వాసన అదే కాబట్టి అది పలకను తుడిచినట్టు తుడిచేస్తుంది.

ఇప్పుడు మల్లె దగ్గరికి వద్దాం. మన వైపు అత్తరు కొనేవాళ్లు ఎక్కువ అడిగేవాటిలో ఇదొకటి, ఎక్కువగా నిరాశపరిచేదీ ఇదే. మల్లెను గులాబీలాగా నీటి ఆవిరితో వండితే దాని సున్నితమైన వాసన చెడుతుంది. అసలైన మల్లె సారాన్ని ద్రావకాలతో తీస్తారు. తమిళనాడులో ఆ పరిశ్రమ ఉంది. మొగ్గలు కోసిన రాత్రే విచ్చుకుని వాసన వదులుతాయి కాబట్టి అదంతా గంటల మీద సాగే పని, ఖరీదైన పని. యాభై రూపాయల మల్లె అత్తరులో ఉండేది బెంజైల్ ఎసిటేట్, కొంచెం ఇండోల్, మరికొన్ని రసాయనాలు. బెంజైల్ ఎసిటేట్ తీయని, పండులాంటి పూల వాసన. ఇండోల్ మరీ ముద్దగా ఉంటే బట్టల బీరువాలోని కలరా ఉండల వాసన, మరుగుదొడ్డి వాసన. చిటికెడు ఉంటే మాత్రం అదే మల్లెకు ప్రాణం. రాత్రి జడలో పెట్టుకున్న మూర మల్లెలు పొద్దున్నే దిండు మీద వాడి గోధుమరంగుకు తిరిగినప్పుడు ఒక బరువైన, కుళ్లుకు దగ్గరైన తీపి వాసన వస్తుంది. తేలికైన తీపంతా ఎగిరిపోయి ఇండోల్ వంతు ఎక్కువగా మిగిలితే ముక్కుకు తగిలేది అలాంటి వాసనే.

చౌక మల్లె అత్తరు చేతి మీద చేసేదీ ఇదే. సీసాలో అప్పుడే కోసిన మొగ్గ. అరగంటకు బెంజైల్ ఎసిటేట్ పలచబడుతుంది. వేడి చర్మం మీద, చెమట మీద ఇంకా త్వరగా. మిగిలిన ఇండోల్‌కు తోడుగా నిలబడే బరువైన పదార్థం ఏమీ లేకపోతే అది ఒంటరిగా బయటపడుతుంది. 'నా చర్మం మీద మల్లె కుళ్లిపోయింది' అనే మనిషి చర్మం తప్పేమీ లేదు. మంచి తయారీలో కింద గంధమో, కస్తూరి రకమో పెట్టి ఇండోల్‌ను దానిలో ఒదిగేలా చేస్తారు. కాబట్టి మల్లె అత్తరును సీసా దగ్గర తేల్చుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. గంటన్నర తర్వాతే దాని అసలు సంగతి తెలుస్తుంది.

మోతాదు వాసననే మార్చేస్తుందనడానికి తిరుపతి వాళ్లకు బాగా తెలిసిన ఉదాహరణ పునుగు. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత మూలమూర్తికి పునుగు తైలం పూస్తారు. పునుగు పిల్లి ఒంటి గ్రంథి నుంచి వచ్చే ఆ పదార్థం ముద్దగా ఉన్నప్పుడు జంతువు కంపు, మలం కంపు. నూనెలో బాగా పలచగా కలిపితే పూల వాసనలను వెనక నుంచి వెచ్చగా పట్టుకునే సుగంధం. పాత కాలంలో పునుగు, జవ్వాది అన్న మాటలు చందనంతో సమానంగా పలికినది ఈ పలచని రూపం గురించే. దానిలోని సివెటోన్ అణువు 17 కర్బన పరమాణువుల వలయమని రుజికా అనే రసాయన శాస్త్రవేత్త 1926లో తేల్చాడు. వలయం అంత పెద్దదిగా ఉంటుందని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు. ఆయనకు 1939లో నోబెల్ బహుమతి వచ్చింది. పునుగు పిల్లికి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, బజారు సీసాల్లో ఉండేది దానికి నకలు చేసిన రసాయనం. అత్తరు వాడకానికి ఇందులో పనికొచ్చే సంగతేమిటంటే, సీసా మూత దగ్గర ముక్కు చిట్లించుకునేలా చేసే బరువైన అత్తరు చేతి మీద సూదిమొనంత పూసి, చెయ్యి చాచి మూరెడు దూరం నుంచి చూస్తే వేరే మనిషిలా మాట్లాడుతుంది. సీసాలోకి ముక్కు దూర్చి ఏ అత్తరునూ తీసిపారేయకూడదు.

మట్టి అత్తరు ఇంకో వింత. కాల్చిన మట్టి బిళ్లలను బానలో వండి, ఆ వాసనను గంధం నూనెలోకి దింపుతారు. తొలకరి చినుకు వాసనకు 1964లో 'పెట్రికోర్' అని పేరు పెట్టిన ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలకు కూడా మన దేశపు ఈ అత్తరు సంగతి తెలుసు. తడిమట్టి వాసనలోని జియోస్మిన్‌ను మనిషి ముక్కు లక్ష కోట్లలో కొన్ని వంతులున్నా పట్టేస్తుంది. ఎండాకాలానికి ఇంతకంటే చల్లటి అత్తరు లేదు. చేతి మీద అది కాసేపు వానలాగా ఉండి, మెల్లగా గంధంలోకి జారుకుంటుంది. అడుగున గంధం లేని చౌక రకమైతే జారడానికి చోటు లేక, వానతో పాటే అయిపోతుంది. అత్తరు అడుగున ఏముందో తెలుసుకోవడానికి మట్టిని మించిన రకం లేదు.

మరి పరీక్ష ఎలా చేయాలి? తలంటి సాంబ్రాణి వేసుకున్న రోజు కొట్టుకు వెళ్లకూడదు. ముంజేతులను సబ్బు లేకుండా ఉత్త నీళ్లతో కడుక్కుని, ఎండ తగ్గాక వెళ్లాలి. పాత విజిటింగ్ కార్డును నాలుగు పేలికలుగా చీల్చి తీసుకెళితే, ఒక్కో పేలిక మీద అత్తరు పేరు రాసి కొసకు చుక్క వేయించుకోవచ్చు. వాటిలో రెండే రెండింటిని చేతి దాకా రానివ్వాలి, ఎడమ చేతికి ఒకటి, కుడి చేతికి ఒకటి. మూడోది ఎంత బతిమాలినా వద్దనాలి. పూసుకున్నాక మణికట్లు రెండూ కలిపి రుద్దుకోవడం అందరికీ అలవాటు. రుద్దితే అణువులు నలిగిపోతాయనే మాట కల్పన. అయితే రుద్దినప్పుడు నూనె పలచగా పరుచుకుని, వేడెక్కి, పై వాసన త్వరగా వెళ్లిపోతుంది, రెండు అత్తర్లూ కలిసిపోతాయి. పరీక్ష చెడిపోవడానికి అది చాలు.

తర్వాత డబ్బు తీయకుండా బయటికి వచ్చేయాలి. ఇది కొంచెం మొహమాటంగా ఉంటుంది, కానీ 'రేపొస్తానన్నా' అంటే కాదనే కొట్టాయన అరుదు. మొదటి ఐదు నిమిషాలు చేతిని ముక్కు దగ్గరికి తీసుకోకపోవడమే మంచిది. అరగంటకు ఒకసారి, రెండు గంటలకు ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి చూసుకుని ఫోనులో రెండు ముక్కలు రాసుకోవాలి. రాసుకోకపోతే పొద్దున్నకు మొదటి గుప్పే గుర్తుంటుంది. ఇంట్లో ఇంకొకరిని కూడా చూడమనాలి, కానీ పేరు చెప్పకుండా. 'గంధం' అని ముందే చెబితే ఎవరికైనా గంధమే వస్తుంది. కార్డు పేలికలను పక్కన పెట్టి ఉంచితే చర్మం ఏం మార్చిందో తేలిపోతుంది. కాగితం మీద మర్నాడు బాగుండి, చేతి మీద బాగాలేకపోతే ఆ అత్తరును చొక్కా లోపలి అంచుకో, పాతకాలపు పద్ధతిలో దూది ఉండకో అద్ది చెవి మడతలో పెట్టుకోవచ్చు. ఉర్దూలో ఫాయా అనే ఆ దూది ఉండ చర్మానికి నూనె తగలనివ్వదు, వాసనను నిదానంగా వదులుతుంది. దర్గాల దగ్గర పెద్దవాళ్ల చెవుల్లో ఇప్పటికీ కనిపించే ఆ తెల్లటి చుక్క వెనక ఇంత తెలివి ఉంది. తెల్ల పంచె మీద మాత్రం శమామా, హీనా లాంటి ముదురు రంగు అత్తర్లు పెడితే మరక పోదు.

చర్మం ఒప్పుకోకపోవడం గురించి కూడా ఒక మాట. లవంగం, దాల్చినచెక్కల్లోని పదార్థాలు, గాలి తగిలి పాతబడిన లినలూల్ లాంటివి కొందరికి దద్దుర్లు తెప్పిస్తాయి. యూరప్‌లో ఇలాంటి 26 పదార్థాల పేర్లు సీసా మీద రాయాలనే నియమం చాలా ఏళ్లుగా ఉంది. 2023లో ఆ జాబితా 80 దాటింది. చిల్లరగా పోసి ఇచ్చే అత్తరు సీసా మీద అలాంటి చీటీ ఏదీ ఉండదు కాబట్టి మోచేతి మడతలో ఒక చుక్క పెట్టి రెండు రోజులు చూడటం తప్ప వేరే దారి లేదు. నిమ్మజాతి తొక్కల నూనెలు, ముఖ్యంగా బెర్గమాట్, ఎండ తగిలితే చర్మం మీద నల్లటి మచ్చలు పెడతాయి. అవి ఉన్నాయని అనుమానముంటే ఎండలో తిరిగే రోజు మెడకు పూయకూడదు. పసిపిల్లలకు ఏ అత్తరూ వద్దు.

అంతా బాగుందనిపించాక కూడా తులం సీసా కొనడం తొందరపాటే. మిల్లీలీటరుకు సుమారు ఇరవై చుక్కలు. మూడు మిల్లీలీటర్ల చిన్న సీసాలో అరవై చుక్కలుంటాయి, రోజుకు ఒకటి చొప్పున రెండు నెలలు. ఆ రెండు నెలల్లో ఒక వడగాలి, ఒక వాన, ఒక పెళ్లి, ఒక ప్రయాణం ఎలాగూ వస్తాయి, అన్నిటిలోనూ అది ఎలా ఉందో చూసుకోవచ్చు. నచ్చనిదాన్ని పారేయకుండా మూత బిగించి చీకటి బీరువాలో పెట్టడం మేలు. వైశాఖంలో ఉక్కిరిబిక్కిరి చేసిన హీనాను ధనుర్మాసంలో తెల్లవారకముందే, తల మీద శాలువా కప్పుకుని తిరుప్పావై వినడానికి వెళ్లేటప్పుడు మణికట్టుకు ఒక్క చుక్క పెట్టుకుంటే, శాలువా మడతల్లోంచి అది ఎంత మెత్తగా వస్తుందో అప్పుడు తెలుస్తుంది.